లిఫ్ట్ బాబాయ్ ఎగరేసిన మేడ

"విమానం నడపడం పెద్ద గొప్పేం కాదు తమ్ముడూ. గొప్పంతా ఎత్తు పెట్టడంలో ఉంది," అన్నాడు లిఫ్ట్ బాబాయ్, టీ గ్లాసు బల్ల మీద పెట్టి.

ఆయన అలా మొదలుపెట్టాడంటే ఆ పూట నా జిరాక్స్ షాపులో గిరాకీ ఉన్నా లేనట్టే. షట్టరు సగానికి దించి వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. టీ మాస్టరు స్టవ్వు మంట తగ్గించాడు. ఎదురు బిల్డింగు వాచ్‌మన్ తన ప్లాస్టిక్ కుర్చీ చంకన పెట్టుకుని రోడ్డు దాటి వచ్చేశాడు.

ఎదురు బిల్డింగంటే పదంతస్తుల ఆఫీసుల మేడ. అందులో ఇరవై ఆరేళ్ళు లిఫ్ట్ నడిపాడాయన. ఇనుప జాలీ తలుపు, ఇత్తడి హ్యాండిలు, మూలన ఓ ఎత్తు స్టూలు. ఆ స్టూలు మీద కూర్చుని ఎక్కినవాళ్ళందర్నీ "ఎన్నో అంతస్తండీ?" అని అడగడం, అడిగిన చోట సరిగ్గా గడపకి గడప కలిపి ఆపడం ఆయన ఉద్యోగం. తర్వాత బటన్ల లిఫ్ట్ వచ్చింది. జనం ఎవరికి కావలసింది వాళ్ళే నొక్కుకోవడం నేర్చుకున్నారు. బాబాయ్‌ని ఇంటికి పంపించారు. అయినా మధ్యాహ్నం మూడయ్యేసరికి ఇస్త్రీ చొక్కా వేసుకుని ఈ టీ కొట్టుకి రాకపోతే ఆయనకి తోచదు. వచ్చి చెప్పకపోతే మాకూ తోచదు.

"ఏ విమానం బాబాయ్?" అన్నాను.

"ఎనిమిదో అంతస్తు విమానం. నువ్వప్పటికి ఈ వీధి మొహం చూళ్ళేదు. ఎనిమిదో అంతస్తులో మన కంప్యూటర్ మాస్టారి ఇన్‌స్టిట్యూట్ ఉండేది, విమానం టిక్కెట్లు రాయడం దగ్గర్నుంచి విమానం ఎలా ఎగురుతుందన్నదాకా అన్నీ నేర్పేవాడు. మనిషి ఇంతే సన్నం, వేళ్ళ మధ్య ఎప్పుడూ వెలిగించని సిగరెట్టు, అదేమిటి మాస్టారూ అంటే డాక్టరు కాల్చొద్దన్నాడు గానీ పట్టుకోవద్దనలేదుగా అనేవాడు, మహానుభావుడు, పోయాడు పాపం. ఆయన గదిలో కిటికీ పక్కన ఓ కంప్యూటర్, ఇప్పటివాటిలా పలకలా కాదు, ట్రంకు పెట్టెంత ఉండేది, ఆన్ చేస్తే పిండిమరలా మోగేది. దాన్లో ఉండేది విమానం. మనం ఆట అనకూడదు, ఆటంటే ఆయనకి ఒళ్ళు మండిపోయేది. 'ఆట కాదయ్యా, అచ్చం విమానమే, చక్రాలొక్కటే తక్కువ' అనేవాడు."

"నిన్ను ముట్టుకోనిచ్చాడా?" అన్నాడు వాచ్‌మన్.

"ముట్టుకోనివ్వడమేంటి, ఒంటిగంట నుంచి రెండింటిదాకా లిఫ్ట్‌కి సెలవు కదా, నేను క్యారియరు పట్టుకుని తిన్నగా ఆయన గదికే. నెలరోజులు వెనకాల నిలబడి చూశాను. ముప్పై ఒకటో రోజున ఆయనే కుర్చీ ఖాళీ చేసి, 'కూర్చోవయ్యా, రోజూ మనుషుల్ని పైకీ కిందకీ తిప్పేవాడివి, నీకు కాకపోతే ఇంకెవరికి వస్తుంది' అన్నాడు. కూర్చున్నాను. లేపాను. మొదటిసారే, ఒక్క కుదుపు లేకుండా. పదివేల అడుగులు పెట్టాను, ఆటోపైలట్ నొక్కాను, రెండు చేతులూ వదిలేసి క్యారియరు విప్పుకుని భోంచేశాను. నేను పెరుగన్నంలోకి వచ్చేదాకా విమానం ఒక్క అడుగు అటూ ఇటూ కదిలితే ఒట్టు."

"అంత సులువా?"

"సులువంటావేంటి! అక్కడే ఉంది కిటుకంతా. విను. ఎత్తు ఒక చోట పెడితే సరిపోదు, రెండు చోట్ల పెట్టాలి. కింద కాలిక్యులేటర్‌లా బటన్లున్న పెట్టె ఉంటుంది, అది ఫ్లైట్ కంప్యూటర్. ఎక్కణ్ణుంచి ఎక్కడికి, ఏ దారిన, ఎంత ఎత్తులో, అన్నీ దాన్లో రాసుకుంటావు. ముప్పై అయిదు వేలని రాశావనుకో. బాగానే ఉంది. కానీ పైన ఇంకో వరస ఉంటుంది, అంకెలు కనపడే చిన్న చిన్న కిటికీలు, ఒక్కోదాని కింద తిప్పే మర ఒక్కోటి. ఒకటి వేగానికి, ఒకటి దిక్కుకి, ఒకటి ఎత్తుకి. ఆ ఎత్తు కిటికీలో నువ్వు పదివేలే పెట్టి ఊరుకున్నావనుకో, కింద పెట్టెలో ఎంత రాసినా సరే, విమానం పదివేల దగ్గర ఆగిపోయి నీ మొహం చూస్తుంది. దిగేటప్పుడూ అంతే. కింద పెట్టె దిగాలంటుంది, పైన కిటికీలో అంకె మార్చందే అది దిగదు. మా ఇంట్లో సంగతే అనుకో. ఎక్కడికెళ్ళాలో, ఎప్పుడెళ్ళాలో నేను కాగితం మీద రాస్తాను. మీ పిన్ని ఊఁ అంటేనే బండి కదుల్తుంది."

టీ మాస్టరు పకపకా నవ్వాడు. "మా ఇంట్లో కింద పెట్టె కూడా మా ఆవిడే బాబాయ్."

"అందుకే నువ్వింకా నేల మీదే ఉన్నావు. సరే, అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. నాలుగో అంతస్తు ఆఫీసులో టైపు మిషన్లు తీసేసి కంప్యూటర్లు పెట్టారే, ఆ వారం. మంగళవారం. పొద్దున పదకొండు. మాస్టారి ఇన్‌స్టిట్యూట్ చూడ్డానికి పెద్ద ఆఫీసరు వచ్చాడు. ఆయన మెచ్చుకుంటే ఇన్‌స్టిట్యూట్ ఉంటుంది, లేదంటే తాళం. ఎదురుగా కూర్చోబెట్టి విమానం లేపి దింపి చూపించాలి. మాస్టారికి చూస్తే ఆ పొద్దున్నే గొంతు పోయింది, చేతులు వణుకుతున్నాయి, నుదురు కాలిపోతోంది. లిఫ్ట్ దగ్గరికి వచ్చి సైగ చేశాడు, నువ్వు రా అని. నేను స్టూలు దిగాను. చొక్కా బొత్తాం పెట్టుకున్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?"

"ఆఫీసరు అన్నాడు, 'లిఫ్ట్ వాడు విమానం నడుపుతాడా?' నేనన్నాను, 'సార్, లిఫ్ట్‌లో ఎంతమంది ఎక్కినా ఇన్నేళ్ళలో ఒక్కణ్ణీ కింద పడేయలేదు. విమానం డ్రైవర్లని ఆ మాట అనమనండి.' అంతే, ఆయన కుర్చీ చూపించాడు. కూర్చున్నాను. ముప్పై అయిదు వేలు. పెట్టెలో రాశాను, కిటికీలో తిప్పాను. లేచింది. పదివేలు దాటింది, ఇరవై దాటింది. ఇరవై అయిదు వేల దగ్గరికొచ్చేసరికి గదిలో అందరికీ చెవులు దిబ్బళ్ళు పడ్డాయి."

"కంప్యూటర్‌లో విమానానికి గదిలో చెవులు దిబ్బళ్ళేంటి బాబాయ్?"

"అదే కదా నేను చెప్పేది! అంత సరిగ్గా పెట్టాను ఎత్తు. నాలుగో అంతస్తు గుమాస్తాలు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని మెట్లెక్కి ఫిర్యాదుకొచ్చారు. ముప్పై వేలకి చలి. మాస్టారి కళ్ళద్దాలకి మంచు పట్టింది. ఆఫీసరు మీసాల కొనలు గట్టిపడిపోయాయి, పాపం నవ్వుదామంటే టక్కుమని విరుగుతాయేమోనని భయం."

వాచ్‌మన్ తన మీసం తడుముకున్నాడు.

సరిగ్గా అప్పుడే రోడ్డుకి అవతల ఆటో ఆగింది. నాలుగో అంతస్తు టైపు అక్కయ్య దిగింది. ఆవిణ్ణి ఆ పేరుతోనే పిలుస్తాం, రిటైరై ఎనిమిదేళ్ళయినా సరే. టైపిస్టుగా చేరి, ఆ ఆఫీసు కంప్యూటర్ సెక్షనంతటికీ పెద్దగా రిటైరైన మనిషి. పింఛను కాగితాలు జిరాక్స్ తీయించుకోవడానికి ఏడాదికోసారి నా షాపుకొస్తుంది. నేను లేవబోతే, తొందరేం లేదన్నట్టు చెయ్యి ఊపి, బెంచీ చివర కూర్చుంది. టీ మాస్టరు చక్కెర లేని టీ కలిపి అందించాడు.

బాబాయ్ లేచి నిలబడ్డాడు. "అక్కయ్యగారా, బాగున్నారా? కీళ్ళెలా ఉన్నాయి?"

"ఉన్నాయి. నువ్వు కానీ. మధ్యలో ఆపావు."

బాబాయ్ ఒక్క క్షణం తటపటాయించినట్టు నాకనిపించింది. ఆవిడ ముందు తగ్గుతాడేమో అనుకున్నాను. తగ్గలేదు సరికదా, గొంతు సవరించుకుని ఇంకో మెట్టెక్కాడు.

"ఆఁ, ఎక్కడున్నాం, ముప్పై వేల దగ్గరున్నాం. అప్పుడు మోగింది ఫోను. మాస్టారి బల్ల మీది నల్ల ఫోను. మాస్టారికి గొంతు లేదు కాబట్టి నేనే ఎత్తాను. అవతల ఎవరనుకున్నారు? నిజం విమానం తాలూకు పైలట్! నిజంది, గాల్లో ఉంది, రెండొందల పన్నెండు మంది జనం. 'అయ్యా, మా విమానం ముప్పై అయిదు వేల దగ్గర బిగుసుకుపోయింది, దిగాల్సిన ఊరు దాటి ముందుకి పోతోంది, ఏం చేసినా దిగనంటోంది, ఎవర్నడిగినా మీ పేరే చెబుతున్నారు' అని ఒకటే ఏడుపు."

"మీ నంబరు ఎలా దొరికింది బాబాయ్ ఆయనకి?"

"గొప్పవాళ్ళ నంబర్లు దొరకడానికి ఎంతసేపు తమ్ముడూ! నేనొక్కటే మాట అడిగాను. 'బాబూ, కింద పెట్టెలో రాశావు సరే, పైన కిటికీలో అంకె తిప్పావా?' అటువైపు చిన్నగా టిక్, టిక్, టిక్ మని మర తిప్పిన చప్పుడు వినపడింది. తర్వాత రెండొందల పన్నెండు మంది ఒకేసారి 'హమ్మయ్య' అన్నారు. ఆ గాలికి నా చెవి దగ్గర జుట్టు లేచింది."

టీ మాస్టరుకి నవ్వాగక పాలగిన్నె పక్కకి పెట్టేశాడు. టైపు అక్కయ్య మాత్రం గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని, అంచు మీద పెదవి ఆనించి, కదలకుండా వింటోంది.

"అక్కడితో ఆపేస్తే నేను మామూలు మనిషిని. ఆఫీసరుకి ఇంకా అనుమానం తీరలేదు. 'ఇంతేనా?' అన్నాడు. నాకు పౌరుషం వచ్చింది. పెట్టెలో ముప్పై అయిదు వేల పక్కన ఇంకో సున్నా కొట్టాను. మూడు లక్షల యాభై వేలు! కిటికీలో అన్ని అంకెలకి చోటు లేదు, అయినా మర తిప్పుతూ పోయాను, తిప్పీ తిప్పీ బొటనవేలు బొబ్బలెక్కింది, ఇదిగో మచ్చ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? విమానం అంది, 'నా వల్ల కాదు బాబోయ్.' కానీ అంకె పెట్టాక ఎవరో ఒకరు ఎక్కాలి కదా? నేల దడదడలాడింది. కుర్చీలు జరిగాయి. నేను గది కిటికీలోంచి కిందకి చూద్దును కదా, ఈ టీ కొట్టు పొయ్యి మీద పొగ కనపడుతోంది, చిన్నదవుతోంది, చిన్నదవుతోంది, అగ్గిపెట్టంత అయింది. మేడ లేచింది తమ్ముడూ! పదంతస్తులూ, వాటర్ ట్యాంకుతో సహా!"

"బాబాయ్!" అన్నాం ముగ్గురం ఒకేసారి.

"నమ్మరా? ఒరే టీ మాస్టరూ, ఆ మధ్యాహ్నం ఈ కొట్టు మీద మేడ నీడ పడలేదు. మీ నాన్ననడుగు."

"ఆయన పోయి ఏడేళ్ళయింది బాబాయ్."

"అందుకే చెప్తున్నా. ఆయనుంటే నేను నోరిప్పే పనే లేదు, ఆయనే చెప్పేవాడు. మేఘాల్లోంచి పోతున్నాం. మూడో అంతస్తు లాయరు కిటికీలోంచి చెయ్యి చాపి మేఘంలో రుమాలు తడుపుకుని మొహం తుడుచుకున్నాడు. ఆరో అంతస్తులో ఎవరో ఆరేసుకున్న తువ్వాలుకి గద్ద ఒకటి చిక్కుకుంది, విడిపించి పంపించాం. భూమి గుండ్రంగా కనపడింది, నా లిఫ్ట్ బల్బంత. ఆఫీసరు నా కాళ్ళ మీద పడ్డాడు, 'ఒప్పుకున్నాను, దించెయ్యి నాయనా, ఇంట్లో గ్యాసు స్టవ్వు ఆపానో లేదో గుర్తులేదు' అని. జాలేసింది. కిటికీలో సున్నా పెట్టాను. నిదానంగా దించాను. పదంతస్తుల మేడని దాని పునాదుల్లోకే, సరిగ్గా దాని గుంటల్లోకే దించాను. ఒక్క అంగుళం తేడా వచ్చిందంతే. వాచ్‌మన్ తమ్ముడూ, మీ గుమ్మం ముందు రెండో మెట్టు పగిలుంటుంది చూశావా?"

"ఉంది," అన్నాడు వాచ్‌మన్, అప్పుడే చూసినట్టు అటు తిరిగి. "రోజూ దానికే నా కాలు తట్టుకుంటుంది."

"అదే ఆ అంగుళం. ఇదంతా నేను కల్పించి చెబుతున్నానని మీకనిపించొచ్చు. ఇదిగో, సాక్ష్యం ఇక్కడే ఉంది. అక్కయ్యగారు ఆ రోజు బిల్డింగులోనే ఉన్నారు. చెప్పండక్కయ్యా, మీ ఫైళ్ళు బల్ల మీంచి జారాయా లేదా?"

అందరం బెంచీ చివరికి చూశాం. టైపు అక్కయ్య గ్లాసు కింద పెట్టింది.

"టైపు మిషన్లు తీసేసిన వారమేనా నువ్వంటున్నది?"

"ఆఁ."

"మంగళవారం. పదకొండు గంటలకి."

"ఆఁ... అవును."

"ఆ రోజు కరెంటే లేదు తమ్ముడూ."

టీ మాస్టరు చేతిలో గరిటె ఆగిపోయింది.

"పదకొండుకి పది నిమిషాలుందనగా పోయి, ఒంటిగంట ముప్పావుకి వచ్చింది," అందావిడ. "మేడ లేవడం అటుంచు, లిఫ్టే లేవలేదు. ఆరో అంతస్తుకీ ఏడో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. దాన్లో ఇద్దరే ఉన్నారు. నువ్వొకడివి, నేనొకదాన్ని."

మేం నవ్వుదామని నోరు తెరిచాం. బాబాయ్ మొహం చూసి ఆగిపోయాం. ఆయన నవ్వట్లేదు. ఆవిడ వంకే చూస్తున్నాడు, కంగారుగా.

"అక్కయ్యా, అది చెప్పొద్దన్నారు కదా మీరు."

"వద్దన్నది నేనే. నువ్వు ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పలేదని ఇవాళే తెలిసింది నాకు. చెప్పకుండా ఉండడానికి మేడని ఆకాశానికెత్తావు, అంతే కదా?" అని మా వైపు తిరిగింది. "వినండి, ఇది నా సంగతి. నేనే చెప్పాలి.

"పంతొమ్మిదేళ్ళు టైపు కొట్టాను ఆ ఆఫీసులో. కంప్యూటర్లొచ్చాయి. నేర్చుకునేవాళ్ళు నేర్చుకోండి, చేతకానివాళ్ళు మధ్యాహ్నం లోపల తొమ్మిదో అంతస్తులో మేనేజరు దగ్గరికెళ్ళి రాజీనామా ఫారం మీద సంతకం పెట్టండన్నారు. నాకు ఆ మిషను చూస్తేనే భయం. ఒకసారి ఏదో నొక్కితే తెరంతా నల్లబడింది, కుర్రవాళ్ళు నవ్వారు. ఇంక దాని దగ్గరికెళ్ళలేదు. ఇంట్లో ఆయన అప్పటికే మంచంలో ఉన్నారు, నా జీతమే జీతం. అయినా సరే, ఆ నవ్వు మళ్ళీ వినలేక ఫారం నింపుకుని లిఫ్టెక్కాను. ఇతను మామూలుగా అడిగాడు, ఎన్నో అంతస్తండీ అని. తొమ్మిది అన్నాను. ఆరు దాటాక చీకటి."

"అరిచారా?" అన్నాడు వాచ్‌మన్ మెల్లగా.

"అరిచాం. మెషిన్ రూము తాళం ఉన్న మెకానిక్ ఎక్కడికో వెళ్ళాడు. జాలీ బయట ఒట్టి గోడ. నాకు మూసేసిన చోటంటే మొదట్నుంచీ పడదు. ఊపిరందడం లేదు. స్టూలు నాకిచ్చాడు, కూర్చోలేక కింద కూలబడిపోయాను, ఏడ్చాను, ఈ చీకట్లోనే పోతానన్నాను. ఇతను నా పక్కన కూర్చుని ఏమడిగాడో తెలుసా? 'అక్కయ్యా, ఎత్తు ఎంత పెట్టమంటారు?' అని."

బాబాయ్ తల వంచుకుని చొక్కా చివర మడత పెడుతున్నాడు.

"నాకు ఒళ్ళు మండింది. ఎంతైనా పెట్టుకో అన్నాను. 'అలా కుదరదండి, అంకె చెప్పాలి' అన్నాడు. పదివేలు అన్నాను, వదిలిపోతాడని. వదల్లేదు. లిఫ్ట్ గోడకి స్క్రూలుండేవి వరసగా. చీకట్లో నా వేలు పట్టుకుని వాటి మీద పెట్టాడు. ఇది వేగం, ఇది దిక్కు, ఇది ఎత్తు. తిప్పమన్నాడు. తిప్పాను. మోకాళ్ళ దగ్గర నా ఫైలు పెట్టి, ఇది ఫ్లైట్ కంప్యూటర్, ఇక్కడ కొట్టండి అన్నాడు. టైపు కొట్టినట్టు కొట్టాను. అంతే, లేచామన్నాడు. కింద ఏం కనపడుతున్నాయో చెబుతూ పోయాడు. నది వంపు తిరిగింది, రైలు పోతోంది, ఎవరో మేడ మీద దుప్పట్లు ఆరేస్తున్నారు. ఎక్కడ తప్పు చేసినా 'ఏం కాదు, మళ్ళీ తిప్పండి' అనేవాడు. ఎంతసేపయ్యిందో తెలీదు. నా ఊపిరి ఎప్పుడు సర్దుకుందో కూడా గమనించలేదు. ఎక్కాలన్నప్పుడల్లా పైన అంకె మార్చుకుంటూ పోయి, ముప్పై అయిదు వేల అడుగుల్లో చాలాసేపున్నాం."

"తర్వాత?" అన్నాను నేను.

"తర్వాత 'ఊరొచ్చింది, దిగుతున్నాం' అన్నాడు. నేనన్నాను, 'ఎలా దిగుతాం? పైన అంకె నువ్వు మార్చలేదుగా' అని. ఇతను చీకట్లో తడుముకుని ఆ స్క్రూ తిప్పాడు. ఆ తర్వాత అన్నాడు, 'అక్కయ్యా, మాస్టారి దగ్గర డబ్బు కట్టి చదివినవాళ్ళు మూడు నెలలకి పట్టుకుంటారు ఈ ముక్క. మీకు కంప్యూటర్ రాదన్నదెవరు?' అని."

ఆవిడ కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. రోడ్డు మీద బస్సొకటి వెళ్ళిపోయింది.

"కరెంటొచ్చింది. దీపం వెలిగింది. ఇతను లేచి, ప్యాంటు దులుపుకుని, స్టూలెక్కి, ఏమీ జరగనట్టే అడిగాడు, 'ఎన్నో అంతస్తండీ?' ఎనిమిది అన్నాను. ఎనిమిదిలో దిగి మాస్టారి దగ్గర ఆ సాయంత్రమే చేరాను. ఫారం అక్కడే చించేశాను. నేను ఏడ్చిన సంగతి, తొమ్మిదో అంతస్తుకి బయల్దేరిన సంగతి ఎవరికీ చెప్పొద్దని ఇతని చేత ఒట్టేయించుకున్నాను. తర్వాత ఆ సెక్షను నా చేతిలోకొచ్చింది. బటన్ల లిఫ్ట్ పెట్టించమని మా ఆఫీసు రాసిన కాగితం నేనే టైపు చేయాల్సి వచ్చింది. ఆ రోజు ఇతనికి మొహం చూపించలేక మెట్లు దిగి వెళ్ళాను."

"అయ్యో, దానికేముందక్కయ్యా," అన్నాడు బాబాయ్. "మీరు కొట్టకపోతే ఇంకొకరు కొట్టేవారు. తప్పుల్తో కొట్టేవారు కూడా."

అందరం నవ్వాం. ఆవిడా నవ్వింది. ఆ నవ్వుతో బాబాయ్‌కి మళ్ళీ కొంచెం ఊపిరొచ్చింది. వీపు నిటారు చేశాడు.

"ఒక్క మాట మాత్రం చెప్పాలి తమ్ముడూ. ఆ అంకె నేను కావాలనే మార్చలేదు. అక్కయ్యగారు పట్టుకుంటారా లేదా చూద్దామని. పరీక్ష."

"పరీక్షా?" అంది ఆవిడ.

"మరి?"

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఊరికే చూసిందంతే. బాబాయ్ ఆ చూపుకి నిలబడదామనుకున్నాడు. గ్లాసు అందుకున్నాడు, అది ఖాళీ. పెట్టేశాడు.

"లేదక్కయ్యా," అన్నాడు. "నిజంగానే మర్చిపోయాను."

నేనీ వీధికొచ్చిన పద్నాలుగేళ్ళలో ఆ నోటి నుంచి అంత చిన్న మాట వినడం అదే మొదలు.

ఆవిడ కాగితాలు నేను జిరాక్స్ తీసిచ్చాను. డబ్బులు తీసుకోనంటే కేకలేసింది. బాబాయ్ ఆవిడ సంచీ పట్టుకుని ఆటో స్టాండుదాకా వెళ్ళాడు. ఇద్దరూ చాలా నెమ్మదిగా నడిచారు. దారిలో ఎవరు మాట్లాడారో, ఏం మాట్లాడారో మాకు వినపడలేదు. మధ్యలో ఒకచోట ఆగి ఆవిడ చేత్తో గాల్లో ఏదో తిప్పి చూపించడం, ఈయన తల ఊపడం మాత్రం కనపడింది.

మర్నాడు మూడింటికి బాబాయ్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా. టీ తాగాడు. వాచ్‌మన్ కుర్చీ తెచ్చుకున్నాడు, నేను షట్టరు సగానికి దించాను, టీ మాస్టరు మంట తగ్గించాడు. బాబాయ్ పెదవి విప్పలేదు.

"కానివ్వు బాబాయ్, ఏదో ఒకటి," అన్నాను.

"వారం వారం వస్తానంది అక్కయ్య. శుక్రవారం దాకా ఆగండర్రా," అన్నాడు. "ఇన్నాళ్ళూ నేనొక్కణ్ణే చెప్పాను. మర్చిపోయిన చోట మాట అందించేవాళ్ళు లేక అక్కడల్లా ఎత్తు పెంచుకుంటూ పోవాల్సొచ్చింది."